నాలుగు జీబీల పల్లకి

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే మనిషికి లోకంలో తెలియని విషయమంటూ ఉండదు. మొదటి సంవత్సరంలో భయం ఉంటుంది, మూడో సంవత్సరంలో అనుమానం మొదలవుతుంది, నాలుగో సంవత్సరంలో నిజం తెలిసిపోతుంది. మధ్యలో ఆ రెండో సంవత్సరం ఒక్కటే నిండు పున్నమి. ఆ రోజుల్లో నేను ఆ పున్నమి వెలుగులో వరంగల్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఉండేదాన్ని. మాది నెక్కొండ. మా ఇంట్లో, మా వాడకట్టులో, ఆ మాటకొస్తే రైలుపట్టాలకు మా వైపున్న ఊరు మొత్తంలో కంప్యూటర్ చదువుతున్న మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ నన్నే పిలిచేవారు. సెలవుల్లో ఇంటికి వెళ్తే మా పెదనాన్న బావి దగ్గరి మోటారు స్టార్టర్ మూత తెరిచి, "కంప్యూటర్ సదువుతానవ్ గదా, జర సూడు బిడ్డా" అనేవాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకొని గంభీరంగా చూసేదాన్ని. (చూడటం వరకే. ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు.) కాసేపు చూసి, "వోల్టేజీ ప్రాబ్లం పెద్దనాయినా" అనేదాన్ని. వోల్టేజీ ప్రాబ్లం అనే మాట ఏ వస్తువుకైనా, ఏ కాలంలోనైనా సరిపోతుందని నాకు ఏ లెక్చరరూ చెప్పలేదు. అదొక్కటే నేను సొంతంగా కనిపెట్టిన శాస్త్రం.

హాస్టల్లో పప్పును పోసుకొని స్నానం చేయొచ్చని ఎవరో చెప్పేసరికి అమ్మ భయపడి నన్ను హన్మకొండలో చిన్నమ్మ ఇంట్లో పెట్టింది. చిన్నమ్మ అంటే అమ్మకు సొంత చెల్లెలు. పదో తరగతితో చదువు ఆపేసి, కుట్టుమిషను నేర్చుకొని, ఇరవై ఏళ్లు హన్మకొండ ఆడవాళ్ల జాకెట్లు కుట్టి, చివరికి ఇంటి ముందుగదిలో ఒక పెద్ద ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. గుమ్మం మీద "జాకెట్లపై కంప్యూటర్ వర్కు చేయబడును" అని బోర్డు. ఆ పని తెలియనివారి కోసం చెబుతున్నాను: పువ్వో నెమలో ముందు లాప్‌టాప్‌లో తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మిషనుకు తగిలిస్తే, వరసగా నిలబెట్టిన రంగురంగుల దారాలతో మిషను దానంతటదే గుడ్డ మీద కుట్టుకుంటూ పోతుంది. ఆ లాప్‌టాప్‌లో ఉన్నదంతా ఇంగ్లీషు. చిన్నమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా "పైన ఎడమ కొసది", "కత్తెర బొమ్మది", "నొక్కితే అన్నీ పోయేది" అని పేర్లు పెట్టుకొని మొత్తం నేర్చేసుకుంది. మూడో పేరు ఎలా నేర్చుకుందో మాత్రం అడగనిచ్చేది కాదు.

ఆ లాప్‌టాప్ ఎవరో వాడి, ఇంకెవరికో అమ్మితే, ఆ ఇంకెవరి దగ్గరో చిన్నమ్మ కొన్నది. పీటంత మందం. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి కాబట్టి కింద రెండు ఖాళీ దారపు కండెలు పెట్టి బల్ల మీద నిలబెట్టేది. దాని వేగాన్ని చిన్నమ్మ కుక్కర్ విజిళ్లతో కొలిచేది. చిన్న మల్లెమొగ్గ తెరుచుకోవడానికి ఒక విజిల్. మామిడి పిందె రెండు. నెమలి మూడు, పింఛం విప్పితే నాలుగు. చిన్నమ్మకు ఇది ఇబ్బందిగా ఉండేది కాదు. నెమలిని నొక్కి పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చేది, రెండూ ఒకేసారి అయ్యేవి.

ఒక ఆదివారం పొద్దున బోర్డర్ ఆంటీ వచ్చింది. వరంగల్‌లో పెద్ద బట్టల దుకాణం వాళ్ల ఇల్లాలు. ఎంత పని చేసిచ్చినా చేతిలోకి తీసుకొని, తల పక్కకు వంచి చూసి, "మంచిగనే ఉన్నది గాని, బోర్డర్ ఇంకింత పెద్దగుంటే బాగుండు" అనడం వల్ల చిన్నమ్మా నేనూ ఆమెకు ఆ పేరు పెట్టుకున్నాం. బుధవారం నాడు ఆమె కూతురి పెళ్లి. పెళ్లికూతురి జాకెట్టు వీపు మీద పల్లకి కావాలి. పల్లకిలో పెళ్లికూతురు, మోసే బోయీలు అటు ఇద్దరు ఇటు ఇద్దరు, కింద అమ్మాయి పేరూ అబ్బాయి పేరూ తెలుగులో. ఆ గుడ్డ సోమవారం పొద్దున్నే కుట్టే మాస్టరు చేతిలో పడకపోతే బుధవారానికి జాకెట్టు లేదు. మిషనుకు ఆ పల్లకి కుట్టడానికే సగం రోజు పడుతుంది. అందుకని ఆంటీ తొమ్మిది గంటలకే వచ్చి, కుర్చీ తీసుకొని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకొని, "నేను ఈడనే కూసుంట. పెండ్లింట్ల ఉంటే గడియకొకరు పిలుస్తాన్రు" అని స్థిరపడింది.

చిన్నమ్మ ముందే లాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టుకున్న పల్లకిని నొక్కింది. తెర తెల్లబడింది. మధ్యలో చిన్న సున్నా ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

"ఎంతసేపయితది?" అన్నది ఆంటీ.

"పల్లకి గదా అక్కా. అయిదారు విజిళ్లయితది" అన్నది చిన్నమ్మ.

అన్నం అయింది. పప్పు అయింది. చిన్నమ్మ పప్పుకు పోపు కూడా వేసి వచ్చింది. సున్నా తిరుగుతూనే ఉంది. చిన్నమ్మ లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ తెరిచింది, మళ్లీ పల్లకిని నొక్కింది, మళ్లీ సున్నా. ఆంటీ గడియారం చూసుకోవడం మానేసి సున్నానే చూడసాగింది. సరిగ్గా ఆ సమయంలో నేను ఉప్మా పళ్లెం చేత్తో పట్టుకొని లోపలి గదిలోంచి వచ్చాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈ సంగతి నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఒక్క మనిషి కూడా అడగలేదు.

"దీనికి ర్యామ్ తక్కువున్నది చిన్నమ్మా" అన్నాను, ఉప్మా నములుతూ.

"అంటే ఏందే?"

"మెమరీ. దీని మెమరీ సరిపోతలేదు."

"మతిమరుపా?" అన్నది ఆంటీ, నిజమైన సానుభూతితో. "మా ఆయనకు గూడ గట్లనే ఉన్నది. రాత్రి బాదంపప్పు నానబెట్టి పొద్దుగాల పెడుతాన్న."

"బాదంపప్పుతోని కాదు ఆంటీ. ఇంకో నాలుగు జీబీ కొనుక్కొచ్చి లోపల ఏస్తే పల్లకి టక్కున తెరుచుకుంటది."

"ఎవరేస్తరు?" అన్నది చిన్నమ్మ.

"నేనేస్త. మా కాలేజీల దినాం అదే పని గదా. విప్పుడు, పెట్టుడు."

మా కాలేజీలో దినాం జరిగే పని ఏమిటో ఇక్కడ చెప్పడం న్యాయం. మా ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. కంప్యూటర్లన్నీ ఆయనకు కట్నంగా వచ్చినట్టు చూసుకునేవాడు. మౌసును గట్టిగా నొక్కితే కసిరేవాడు. వెనక్కు వంగి వైర్లు చూస్తే బయటికి పంపేవాడు. రెండేళ్లలో నేను కంప్యూటర్ లోపలి భాగాలను చూసింది పుస్తకంలోని బొమ్మల్లో. ర్యామ్ అంటే నా దృష్టిలో స్కేలుతో గీసిన ఒక దీర్ఘచతురస్రం, దానికి అటొక బాణం, ఇటొక బాణం. పరీక్షలో దాని గురించి పది మార్కుల ప్రశ్న వస్తే రెండు పేజీలు రాశాను. ఏడు వచ్చాయి. ఆ ఏడు మార్కుల బలంతో చిన్నమ్మ దగ్గర డబ్బులు తీసుకొని, చెప్పులు వేసుకొని, హన్మకొండ చౌరస్తా దాకా నడిచి వెళ్లాను.

కంప్యూటర్ సామాన్ల దుకాణం ఒక మేడ మీద ఉండేది. దుకాణదారుకు కళ్లద్దాలు ముక్కు చివర ఉండేవి. వాటి పైనుంచి మనిషినీ, లోపలినుంచి సామాన్లనూ చూసేవాడు.

"లాప్‌టాప్‌కు నాలుగు జీబీ ర్యామ్ కావాలె" అన్నాను.

"డీడీఆర్ త్రీనా, ఫోరా?"

ర్యామ్‌లో రకాలుంటాయన్న ముక్క నా రెండు పేజీల్లో లేదు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. అడుగుతున్నది నాలుగు జీబీ. కాబట్టి ఇది కూడా నాలుగే అయి ఉండాలి. (ఆ తర్కానికి ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.)

"ఫోర్" అన్నాను, తడుముకోకుండా.

"లాప్‌టాప్ తెచ్చినవా? నేనే ఏసిస్త. అయిదు నిమిషాల పని."

"అవసరం లేదన్నా. నాకొచ్చు."

ఆయన అద్దాల పైనుంచి నన్ను ఒకసారి చూసి, బిల్లు రాసి, వేలెడంత ప్యాకెట్టు చేతిలో పెట్టాడు. ఆ అయిదు నిమిషాల పనిని ఆయనకు వదిలేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, ఆంటీ మధ్యాహ్నానికి ఇంటికి పోయేది, నేను నిద్రపోయేదాన్ని.

ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ కత్తిరించే బల్ల ఖాళీ చేసి, శుభ్రంగా తుడిచి, తెల్లగుడ్డ పరిచి ఉంచింది. దవాఖానలో ఆపరేషనుకు సిద్ధం చేసినట్టు ఉంది. ఆంటీ కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది. నేను లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, కుట్టుమిషను స్క్రూడ్రైవరు అడిగి తీసుకొని, కనిపించిన స్క్రూ కనిపించినట్టు విప్పసాగాను. పదకొండు స్క్రూలు. ఒక్కోదాన్ని చిన్నమ్మ అందుకొని, సూదులు అంటించి పెట్టుకునే అయస్కాంతానికి అంటించసాగింది.

"అయస్కాంతం కంప్యూటర్ దగ్గర పెట్టొద్దు చిన్నమ్మా, డేంజర్" అన్నాను.

"ఇది కంప్యూటర్ దగ్గర లేదు, నా దగ్గరున్నది. ప్లగ్గు పీకినవా?"

పీకలేదు. "ఇప్పుడే పీకుదామనుకుంటాన్న" అని పీకాను. బ్యాటరీ కూడా తీశాను. తరువాత అడుగు భాగం మొత్తాన్ని గోళ్లతో పైకి లేపితే, లోపలినుంచి నాలుగేళ్ల దుమ్మూ, దారప్పోగులూ, ఒక చమ్కీ బయటపడ్డాయి. అప్పుడు చూస్తే ఆ అడుగు భాగానికే ఒక చిన్న తలుపు ఉంది. దాని మీద ర్యామ్ బొమ్మ చెక్కి ఉంది. దానికి ఒక్కటంటే ఒక్కటే స్క్రూ. అది తీస్తే సరిపోయేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చిన్నమ్మ ఆ బొమ్మనూ, పదకొండు స్క్రూలనూ మార్చి మార్చి చూసి, అయస్కాంతాన్ని కొంచెం పక్కకు జరిపింది.

రెండు అరలున్నాయి. ఒకదాంట్లో పాత ముక్క పడుకొని ఉంది, ఒకటి ఖాళీ. ఖాళీ దాంట్లో కొత్తది పెట్టబోతే అది దిగలేదు. అటు తిప్పి పెట్టాను, ఇటు తిప్పి పెట్టాను. ముక్కకు కింద ఒక గంటు ఉంటుంది, అరలో దానికి సరిపోయే పన్ను ఉంటుంది. గంటు ఒకచోట ఉంటే పన్ను మరోచోట ఉంది. నేను కొంచెం బలం ఉపయోగించాను. ఏదో కిర్రుమంది.

"జర అరగదీయాల్నా?" అన్నది చిన్నమ్మ, గోళ్ల ఆకురాయి అందిస్తూ.

ఆ ఆకురాయిని చేతిలోకి తీసుకున్న మాట నిజం. రెండు సెకన్ల పాటు ఆలోచించిన మాట కూడా నిజం. మళ్లీ పక్కన పెట్టేసి, పాతదాన్ని తీసి పోల్చి చూద్దామని దాన్ని లాగాను. అటూ ఇటూ ఉన్న ఇనుప క్లిప్పులు పక్కకు జరగ్గానే అది కప్పలా ఎగిరి ఆంటీ ఒళ్లో పడింది.

ఆంటీ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది పాత మెమరీనా?"

"అవును ఆంటీ."

"మరి పల్లకి దీంట్లనే ఉన్నదా?"

న్యాయమైన ప్రశ్న. ఇన్నేళ్లలో నన్ను ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రశ్నల్లో చాలావాటికంటే న్యాయమైనది. నేను గొంతు సవరించుకొని, నా ఏడు మార్కుల జవాబులోంచి మొదటి వాక్యం చెప్పాను. "ర్యామ్ అంటే వోలటైల్ మెమరీ ఆంటీ."

"అంటే?"

"అంటే కరెంటు తీస్తే దాంట్లున్నదంత పోతది."

ఆంటీ లేచి నిలబడింది. "ఇప్పుడు తీసినవ్ గదా కరెంటు?"

"తీసిన."

"అంటే నా బిడ్డ పల్లకి పోయినట్టేనా?"

కాదని చెప్పడానికి నేను క్యాష్ మెమరీ దగ్గర మొదలుపెట్టాను. అది పొరపాటు. క్యాష్ అనేసరికి ఆంటీ, ఇంకా పైసలు అడుగుతానవా అన్నట్టు చూసింది. అప్పుడు చిన్నమ్మ నా చేతిలోని స్క్రూడ్రైవరు మెల్లగా తీసి పక్కన పెట్టి, "అక్కా, కూసో" అన్నది. "చీరెలన్ని ఏడ పెడతం? బీరువల. కత్తిరించేటప్పుడు తీసి ఏడ పరుస్తం? ఈ బల్ల మీద. బల్ల చిన్నగున్నదనుకో, చీర పూర పరవరాదు, పని సాగది. ఇగో, నీ చేతిల ఉన్నది బల్ల. బల్ల మార్చినంత మాత్రాన బీరువలున్న చీర యాడికి పోతది? పల్లకి బీరువల్నే ఉన్నది." తరువాత నా వైపు తిరిగి, "అంతేనా బిడ్డా?" అన్నది.

"అంతే" అన్నాను. ఆ జవాబుకు మా కాలేజీవాళ్లు పదికి పది వేయాల్సిందే.

ఆంటీ కూర్చున్నది గాని, ముక్కను మాత్రం వదల్లేదు. నేను కొత్తదాన్ని మార్చుకొస్తానని లేస్తే చిన్నమ్మ ఆపింది. "మ్యాచింగ్‌కు పోయేటప్పుడు ముక్క పట్టుకపోరా? ఒట్టి చేతుల్తోని పోయి ఎరుపు కావాలంటే వాడేదో ఒక ఎరుపు ఇస్తడు. ఆ పాతదాన్ని పట్టుకపో. దానికి జోడీ అడుగు."

"గట్లయితే నేను గూడ వస్త" అన్నది ఆంటీ. బీరువా మాట పూర్తిగా నమ్మలేదన్నమాట. ముక్కను చేతిరుమాలులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొని, జిప్పు వేసి, జిప్పు మీద చేయి పెట్టుకొని నాతో పాటు ఆటో ఎక్కింది. చౌరస్తా దాకా ఆ చేయి తీయలేదు.

దుకాణంలో రుమాలు విప్పితే పాత ముక్క ఎర్రగా ఉంది. పెళ్లి పిలుపులకు తిరుగుతున్న మనిషి కాబట్టి ఆంటీ హ్యాండ్‌బ్యాగులో కుంకుమ పొట్లం ఉంది. అది ఎప్పుడు విప్పుకుందో విప్పుకుంది. దుకాణదారు అద్దాలు పైకి జరుపుకొని, ముక్కను చూసి, నన్ను చూసి, "దీనికి పూజ చేసిండ్రా?" అన్నాడు.

"పెండ్లి ఇల్లు" అన్నది ఆంటీ, అదే జవాబన్నట్టు.

ఆయన రబ్బరుతో ఆ ముక్క అంచునున్న బంగారు రంగు గీతలను ఓపిగ్గా తుడిచి, "ఇది త్రీ. పొద్దుగాల అడిగిన గదమ్మా, త్రీనా ఫోరా అని" అన్నాడు. తరువాత మేం తెచ్చిన కొత్తదాన్ని చూసి, కవరు చింపినది వాపసు తీసుకోనని చెప్పాడు. ఇక అక్కడినుంచి నాకు పని లేకపోయింది. ఆంటీ కౌంటరు మీద మోచేయి పెట్టింది. "మా దుకాణంల చీర కట్టుకోని, అద్దంల చూసుకోని, బాగలేదని తెచ్చినా మార్చిస్తం. కట్టుకున్న చీరనే మార్చంగ, లోపలికే పోని ముక్కను మార్చనంటే ఎట్ల? నువ్వు నలుగురికి అమ్మేటోనివి, నేను నలుగురికి అమ్మేదాన్ని. చెప్పు." ఆయన కొత్తదాన్ని వెనక్కి తీసుకున్నాడు. పాతదానికి జోడీ ముక్క తీసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "లాప్‌టాప్ పట్టుకరారాదు, నేనే ఏసిస్త" అన్నాడు రెండోసారి.

"మా పిల్లకు వచ్చు" అన్నది ఆంటీ గర్వంగా.

నేను మెట్ల వైపు చూశాను.

ఇంటికి వచ్చి రెండు ముక్కలూ పెట్టాను. ఈసారి గంటూ పన్నూ కలిశాయి. ఆనందంతో అడుగు భాగం మూయకుండానే బ్యాటరీ పెట్టి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కాను. లాప్‌టాప్ లోపల ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. తరువాత అది కూయడం మొదలుపెట్టింది. పొడుగ్గా ఒక కూత, కొంచెం ఆగి ఇంకో కూత.

"ఎందుకు మొత్తుకుంటాంది?" అన్నది ఆంటీ.

"వోల్టేజీ ప్రాబ్లం" అన్నాను. అలవాటులో నోటి నుంచి వచ్చేసింది.

ఆపి, మళ్లీ పెట్టి, మళ్లీ నొక్కితే మళ్లీ కూత. మూడోసారి కూడా అంతే. అప్పటిదాకా నేను కొత్త ముక్క పని చేయకపోవడం గురించి మాత్రమే భయపడ్డాను. ఇప్పుడు పొద్దున పనిచేసిన లాప్‌టాప్ కూడా చచ్చిపోయిందని అర్థమైంది. చిన్నమ్మ డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. బీరువా తాళమే నేను విరగ్గొట్టి ఉంటే? నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి వెళ్లి, ఫోనులో వీడియో వెతికాను. అందులో ఎవరో దొర చక్కగా చేతులకు తొడుగులు వేసుకొని, "ముందుగా" అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది. తెర మధ్యలో చిన్న సున్నా తిరగడం మొదలుపెట్టింది. నేను ఆ సున్నాను చూస్తూ, బియ్యం డబ్బాకు ఆనుకొని, చప్పుడు కాకుండా ఏడ్చాను. పందొమ్మిదేళ్ల వయసులో పరువు పోవడం అంటే ప్రాణం పోవడమే. ప్రాణం పోతే కనీసం ఆంటీకి జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

మొహం కడుక్కొని వచ్చేసరికి చిన్నమ్మ లాప్‌టాప్ మీదికి వంగి ఉంది. ప్లగ్గు పీకి ఉంది, బ్యాటరీ పక్కన పెట్టి ఉంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే అద్దాలు పెట్టుకొని, ఫోను టార్చి వెలుగులో రెండు ముక్కలనూ పక్కనుంచి చూస్తోంది.

"ఇవి కూసోలేదు బిడ్డా" అన్నది.

"కూసున్నయి చిన్నమ్మా, పూర లోపలికి పెట్టిన."

"లోపలికి పోయినయి గాని కూసోలేదు. చూడు, అటు లేసి ఉన్నయి. బాబిన్ పెట్టినట్టే ఇది. బాబిన్ డబ్బ టక్ అనకపోతే పైన ఎంత కుట్టినా కింద దారం రాదు." అని, ఒక్కో ముక్కనూ బయటికి లాగి, ఏటవాలుగా లోపలికి తోసి, బొటనవేలితో నెమ్మదిగా కిందికి వంచింది. టక్. రెండోది టక్. ఇనుప క్లిప్పులు రెండు వైపులా వాటంతటవే వచ్చి పట్టుకున్నాయి. నేను వాటిని పైకి లేచి ఉన్నట్టే వదిలేసి, అవి అలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను.

బటన్ నొక్కితే కూత లేదు. తెర వెలిగింది. ఆంటీ చేతులు జోడించింది, ఎవరికో తెలియదు. అయితే లాప్‌టాప్ అంత తేలిగ్గా వదల్లేదు. ఇన్నాళ్లూ వాయిదా వేసుకున్న పనులన్నీ ఇప్పుడే గుర్తొచ్చినట్టు నీలిరంగు తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసింది.

"ఏమంటాంది?" అన్నది ఆంటీ.

"అప్‌డేట్ చేసుకుంటాందంట. బంద్ చెయ్యొద్దంటాంది."

"మనమెందుకు బంద్ చేస్తం? పొద్దుటి సంది దానితోని బంద్ చెయ్యకు తల్లీ అనే గదా బతిమాలుతానం."

ముప్పావుగంట బతిమాలించుకొని అది దారికి వచ్చింది. చిన్నమ్మ పల్లకిని నొక్కింది. కుర్చీలోంచి లేచి వంటింటి వైపు నడవబోయింది, అలవాటు ప్రకారం. గడప దాటకముందే ఆంటీ "వచ్చింది" అన్నది. పల్లకి మొత్తం వచ్చేసింది. బోయీల తలపాగాలూ, పల్లకి కుచ్చులూ, లోపల తల వంచుకున్న పెళ్లికూతురూ. చిన్నమ్మ వెనక్కి వచ్చి తెరను ముట్టుకొని చూసింది. ఆంటీ కుర్చీలోంచి లేచి, తల పక్కకు వంచి, చాలాసేపు చూసింది.

"గింత జల్ది వస్తాంది గదా" అన్నది. "బోర్డర్ ఇంకింత పెంచరాదూ?"

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టిన మిషను సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పల్లకినీ, రెండు పేర్లనూ, పెంచిన బోర్డరునూ కుట్టి ఆగింది. ఆంటీ గుడ్డను కాగితంలో చుట్టుకొని, నా తల మీద చేయి పెట్టి, "మంచి సదువు సదువుతానవ్ బిడ్డా" అని వెళ్లింది. లాప్‌టాప్ అడుగు భాగం బిగించడం నా వంతు. పదకొండు స్క్రూలు విప్పాను, తొమ్మిది బిగించాను. మిగిలిన రెండూ ఎక్కడివో ఎంత వెతికినా తెలియలేదు. "అవి స్పేర్" అని చిన్నమ్మతో చెప్పి జేబులో వేసుకున్నాను.

బుధవారం పెళ్లికి మమ్మల్ని పిలిస్తే చిన్నమ్మా నేనూ పట్టుచీరలు కట్టుకొని వెళ్లాం. పెళ్లి చూడటానికి కాదు, వీపు చూడటానికి. మా వరసలో కూర్చున్నవాళ్లందరికీ చిన్నమ్మ ముందే చెప్పి పెట్టింది, పిల్ల మండపంలోకి వచ్చినప్పుడు వెనుకనుంచి చూడమని. పెళ్లికూతురు వచ్చింది. పీటల మీద కూర్చోవడానికి అటు తిరిగింది. నడుం కిందిదాకా మల్లెలూ కనకాంబరాలూ కలిపి అల్లిన పూలజడ, జానెడు వెడల్పు. జడ కింద పల్లకి లేదు. పల్లకిలో పెళ్లికూతురు లేదు. పేర్లు లేవు. జడకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, నలుగురు బోయీలు మాత్రం తలపాగాలతో, వంగిన నడుములతో, ఆ పూలజడను మోసుకుంటూ పోతున్నారు.

చిన్నమ్మ మెడ చాచి అటునుంచీ ఇటునుంచీ చూసింది. "బోర్డర్ మంచిగ కనబడుతాంది" అన్నది చివరికి.

తరువాత చదువు అయిపోయింది, నాకు ఉద్యోగం వచ్చింది, చిన్నమ్మకు మిషన్లు మూడయ్యాయి. ఇప్పుడు నా లాప్‌టాప్‌కు ఏమైనా అయితే నేను ముట్టుకోకూడదని ఆఫీసులో రూలు ఉంది. నా గురించి వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. మొన్న ఒక ఆదివారం హన్మకొండ వెళ్లినప్పుడు, చిన్నమ్మ కండెలకు దారం ఎక్కిస్తుంటే పక్కన కూర్చొని, ఇన్నేళ్ల తరువాత నిజం ఒప్పుకున్నాను. ఆ రోజుకు ముందు నేను ఏ కంప్యూటరునూ విప్పి చూడలేదని.

"నాకెరుకనే గదా" అన్నది చిన్నమ్మ, తల ఎత్తకుండా.

"ఎప్పటి సంది?"

"స్క్రూడ్రైవర్ తలకిందులు పట్టుకున్నవ్ చూడు, అప్పటి సంది."

"మరెందుకు ముట్టనిచ్చినవ్? దుకాణం మొత్తం దాని మీదనే నడుస్తాండె గదా."

చిన్నమ్మ దారం తెంపింది. "నేను మిషన్ నేర్సుకున్న కొత్తల, నాకొస్తదని అందరికీ చెప్పుకున్న. ఎవ్వరూ గుడ్డ ఇయ్యలె. మీ అమ్మ పోయి తన పెండ్లి పట్టుజాకెట్టు గుడ్డ తెచ్చిచ్చింది, కుట్టమని. కుట్టిన. చంకల కాడ తప్పు పోయింది, చేతులు పైకి లేవకుంట కుట్టిన. అదే తొడుక్కోని మీ అమ్మ మా మేనత్త బిడ్డ పెండ్లికి పోయింది. తలంబ్రాలప్పుడు అందరు చేతులెత్తి అక్షింతలేస్తాన్రు, మీ అమ్మ నడుం కాడికెళ్లి ఇసుర్తాంది. ముందల కూసున్నోళ్ల వీపులకు తాకినయి గాని, పిల్లకూ పిలగానికీ ఒక్కటి తాకలె."

ఆ రాత్రి నవ్వు ఆపుకోలేక నెక్కొండకు ఫోన్ చేసి, ఆ జాకెట్టు సంగతి నిజమేనా అని అమ్మను అడిగాను.

"ఏ జాకెట్టే?" అన్నది అమ్మ. "అది మంచిగనే కుట్టింది. నాకే ఆనాడు జబ్బలు నొచ్చినయి."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుతూనే ఉన్నాను. నేను ఆ రోజు ఎంత నమ్మకంగా అబద్ధం ఆడానో తలచుకొని కొంత, ఆ అబద్ధాన్ని అంత నెమ్మదిగా మోసిన మనిషిని తలచుకొని కొంత. ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఒక్క చీవాటు కూడా పెట్టను. చేతిలోని ఉప్మా పళ్లెం మాత్రం ముందు కింద పెట్టమంటాను.